హేవ్‌లాక్‌లో నాలుగు రాత్రులు: రిసార్ట్ బానే ఉంది, సముద్రమే మధ్యాహ్నానికి డ్యూటీ దిగిపోయింది

వైజాగ్‌లో ఉండి డబ్బులు పోసి బీచ్ చూడ్డానికెళ్తారేటే అని మా అత్తయ్య మొదటి రోజు నుంచీ ఒకటే నస, ఆవిడ అన్నదాంట్లో తప్పేం లేదు, ఇంట్లోంచి పదిహేను నిమిషాల్లో ఆర్కే బీచ్. కానీ ఆర్కే బీచ్‌లో మేమెప్పుడైనా స్నానం చేశామా అంటే మోకాలు దాటి నీళ్లలోకి దిగితే వెనక నుంచి ఎవరో ఒకరు కేకేస్తారు, లోపలికి లాగేస్తది రా అని, నిజంగానే లాగేస్తది కూడా. సముద్రం పక్కన పుట్టి పెరిగి సముద్రంలో మునగని జాతి మాది. అందుకే పిల్లల్ని ఒక్కసారైనా నీళ్లలో వదలాలని అండమాన్‌లో హేవ్‌లాక్ దీవి పెట్టుకున్నాం. 2024 జనవరిలో రిపబ్లిక్ డే శుక్రవారం పడింది కదా, ముందూ వెనకా నాలుగు రోజులు లీవులు కలుపుకుని వెళ్లాం, మేమిద్దరం, పదకొండేళ్ల పాప, ఆరేళ్ల బాబు, అత్తయ్య. రాయడం ఇప్పటికి కుదిరింది, ఈ లోపు పోర్ట్ బ్లెయిర్ పేరు కూడా శ్రీ విజయపురం అయిపోయింది.

రిసార్ట్ పేరు రాయట్లేదు. తప్పు సగం వాళ్లది సగం మాది, పేరు పెట్టి తిడితే ఆ సగం కూడా వాళ్ల నెత్తినే రుద్దినట్టవుతుంది. హేవ్‌లాక్‌లో తూర్పు ఒడ్డున, గోవింద్‌నగర్ విజయనగర్ బీచ్‌ల వైపు వరసగా రిసార్టులుంటాయి, వాటిలో ఒకటి అనుకోండి. (విజయనగర్ అనగానే అత్తయ్య మన విజయనగరమేనా అంది, కాదు, ఇది వేరే.)

ముందు వెళ్లే దారి చెప్పేస్తా త్వరగా. మేం చెన్నై మీదుగా వెళ్లాం, అక్కడ్నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి విమానంలో రెండు గంటలు చిల్లర. వైజాగ్ నుంచి ఓడ కూడా ఉంటుంది గానీ అది నెలకోసారి లెక్క, రెండు రోజులపైనే నీళ్ల మీద ఉండాలి, సెలవులన్నీ ఓడలోనే అయిపోతాయి. ఎయిర్‌పోర్ట్ కొత్త టెర్మినల్ గవ్వ ఆకారంలో కట్టారు, 2023లో తెరిచారు, నీట్‌గా ఉంది. బయటికొచ్చి టాక్సీ ఎక్కితే డ్రైవర్ మా మాటలు రెండు నిమిషాలు విని "ఏ ఊరండీ మీది" అన్నాడు తెలుగులో. వాళ్ల తాతగారు సోంపేట దగ్గర్నుంచి వచ్చారంట. అంతే, అత్తయ్యది పలాస, ఇంక మాకు ఊరు చూపించడం మానేసి వాళ్లిద్దరూ జీడిపప్పు రేట్ల మీద పడ్డారు. ఊళ్లో తెలుగోళ్లు చాలామందే ఉన్నారు, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్లే ఎక్కువ, ఆవిడకి ఆ సాయంత్రానికే బెంగ తీరిపోయింది.

ఆ రోజే సెల్యులార్ జైలు చూశాం. 698 గదులు, ఏడు రెక్కల్లో ఇప్పుడు మూడే మిగిలాయి. పిల్లలకి ఇదంతా చెప్తే బోర్ కొడుతుందేమో అనుకున్నా గానీ అల్లూరి అనుచరుడు గాం మల్లుదొర ఇక్కడే శిక్ష అనుభవించి తర్వాత 1952లో మన విశాఖపట్నం నుంచే ఎంపీగా గెలిచాడని మావారు చెప్తే పాప ఒక గదిలోకి వెళ్లి నిలబడి చేతులు చాపి కొలిచింది, ఇటు గోడ నుంచి అటు గోడకి. ఏమీ మాట్లాడలేదు. లైట్ అండ్ సౌండ్ షోలో మాత్రం బాబు నిద్రపోయాడు.

మర్నాడు ప్రైవేట్ ఫెర్రీలో హేవ్‌లాక్. దీనికి కూడా 2018లో స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చారు గానీ అక్కడ ఆటోవాళ్ల దగ్గర్నుంచి హోటల్ బోర్డుల దాకా అందరూ హేవ్‌లాక్ అనే అంటారు. దాదాపు గంటన్నర ప్రయాణం, ఏసీ, అద్దాలు తెరుచుకోవు, వెనక వరసలో ఎవరో కవర్ అడుగుతూనే ఉన్నారు. వాంతుల మాత్ర ముందే వేసుకోండి, ఎక్కాక వేసుకుంటే లాభం లేదు. టికెట్లు ముందే బుక్ చేసుకోవాలి, లాంగ్ వీకెండ్ అయితే మరీను.

ఇప్పుడు అసలు విషయానికొస్తా.

రిసార్ట్ వెబ్‌సైట్‌లో ఫొటో ఎలా ఉందంటే కాటేజీ మెట్లు దిగితే ఇసుక, ఇసుక దాటితే నీళ్లు, నీళ్లు ఆకుపచ్చా నీలం కాని ఒక రంగు, అందులో ఒకావిడ నడుము దాకా నిలబడి నవ్వుతుంటుంది. ఆ ఫొటో చూసే రాత్రికి 9,500 పెట్టాం, అత్తయ్యకి ఎక్స్‌ట్రా బెడ్ ఇంకో 2,000. చెకిన్ రెండింటికి. సంచులు అలా పడేసి పిల్లలు స్విమ్మింగ్ డ్రెస్సుల్లో పరిగెత్తారు, వెనక మేము. వెళ్లి చూద్దుం కదా, నీళ్లు లేవు. అంటే సముద్రం ఉంది, అదిగో అక్కడెక్కడో దూరంగా తెల్లటి గీతలాగ. మధ్యలో ఉన్నదంతా బురద బురదగా ఇసుక, నల్లరాళ్లు, చచ్చిన పగడాల ముక్కలు, పక్కకి ఒరిగిపోయిన ఒక పడవ. బాబు నా మొహంలోకి చూసి "అమ్మా, సముద్రం ఎవరు తీసేశారు" అన్నాడు.

రిసెప్షన్‌లో అడిగితే ఆ అబ్బాయి చాలా మర్యాదగా "లో టైడ్ మేడమ్" అన్నాడు, ఏదో కరెంటు పోయింది మేడమ్ అన్నట్టు. రోజూనా అంటే రోజూ అన్నాడు. ఎప్పుడు వస్తాయి నీళ్లు అంటే రాత్రికి. రాత్రి సముద్రంలో దిగనిస్తారా అంటే దిగనివ్వరు. చక్కగా ఉంది.

నా గోడు ఇదే, చదివేవాళ్లకి ఉపయోగపడేదీ ఇదే. మన వైజాగ్‌లో కూడా ఆటుపోట్లు ఉంటాయి గానీ మన ఒడ్డు వాలుగా ఉంటుంది కాబట్టి నీళ్లు కొంచెం ఇటు కొంచెం అటు, ఎవరూ పట్టించుకోరు. హేవ్‌లాక్ తూర్పు ఒడ్డు అలా కాదు, చాలా దూరం పళ్లెంలాగ లోతు లేకుండా ఉంటుంది, కింద అంతా రాయీ పగడాలూ, కాబట్టి నీటి మట్టం కాస్త తగ్గినా నీళ్లు అంత దూరం వెనక్కెళ్లిపోతాయి. రోజుకి రెండుసార్లు పోటు, అంటే నీళ్లు పైకి రావడం, రెండుసార్లు పాటు, అంటే వెనక్కెళ్లడం, పౌర్ణమికీ అమావాస్యకీ ఇంకా ఎక్కువ, టైము రోజుకి ముప్పావుగంట అటూఇటూగా ఆలస్యమవుతూ పోతుంది. మేం వెళ్లింది సరిగ్గా పౌర్ణమి ముందు రోజు. మధ్యాహ్నం మూడింటికి పూర్తిగా ఖాళీ, మళ్లీ పొద్దున్న తొమ్మిది పదింటికి నిండుగా. ఈ లెక్క ఫోన్‌లో పోర్ట్ బ్లెయిర్ టైడ్ టైమింగ్స్ అని కొడితే నెలకి సరిపడా వస్తుంది, నేను కొట్టలేదు, రూములో గీజర్ ఉందా లేదా అని మాత్రం మూడుసార్లు ఫోన్ చేసి కనుక్కున్నా. అది మా సగం తప్పు.

వాళ్ల సగం తప్పు ఏంటంటే, డైనింగ్ హాల్ ముందు ఒక తెల్ల బోర్డు ఉంది, దానిమీద బ్రేక్‌ఫాస్ట్ టైము, లంచ్ టైము, కారమ్ బోర్డు ఎక్కడుంటుంది, అన్నీ రాశారు. పోటు ఎప్పుడో పాటు ఎప్పుడో ఒక్క లైను రాయలేదు. పైగా వాళ్ల ట్రావెల్ డెస్క్ మాకు మర్నాడు పొద్దున్నే ఎలిఫెంట్ బీచ్ బోటు పెట్టింది, అంటే సరిగ్గా ఇక్కడ నీళ్లున్న టైములో మమ్మల్ని బయటికి పంపి, నీళ్లు పోయాక వెనక్కి తెచ్చింది. నాలుగు రోజులున్నాం, రిసార్ట్ ముందు సముద్రంలో ఈత కొట్టింది మొత్తం కలిపి రెండు పొద్దుటి పూటలు. 9,500లో "బీచ్ ఫ్రంట్" అనే మాటకి ఎంత వేసుకున్నారో వాళ్లకే తెలియాలి.

సీ వ్యూ కాటేజీ అన్నది కూడా అర్థం చేసుకుని బుక్ చేసుకోండి. మా వరండాలో కూర్చుంటే ముందు ఆరు కొబ్బరి చెట్లు, తర్వాత ఇంకో కాటేజీ వెనక భాగం, వాళ్లు ఆరేసుకున్న తువ్వాళ్లు, ఆ తువ్వాళ్ల సందులో కొంచెం సముద్రం.

మిగతా రూము విషయంలో ఏమీ అనలేను. చెక్క కాటేజీ, శుభ్రంగా ఉంది, దుప్పట్లు రోజూ మార్చారు, ఏసీ బానే చల్లబడింది, కరెంటు పోయినప్పుడల్లా జనరేటర్ వెంటనే అందుకునేది గానీ దాని చప్పుడు మాత్రం మా తల దగ్గరే ఉండేది. వేన్నీళ్లు ఒక బకెట్‌కి వేడిగా, రెండో బకెట్‌కి గోరువెచ్చగా, మూడోవాడు చన్నీళ్లే. వైఫై రిసెప్షన్ దగ్గరే. ఫోన్ నెట్ వస్తూ పోతూ ఉంటుంది, చెన్నై నుంచి సముద్రం కింద కేబుల్ 2020లో వేశాక చాలా నయం అంట, ముందు ఎలా ఉండేదో పాపం. ఏటీఎంలు తక్కువ, క్యాష్ పోర్ట్ బ్లెయిర్‌లోనే తీసుకోండి.

స్టాఫ్ గురించి మాత్రం ఎంత చెప్పినా తక్కువే. అత్తయ్యకి మోకాళ్ల నొప్పి అని తెలిసి రెండో రోజుకి మమ్మల్ని అడక్కుండానే బాత్రూములో ప్లాస్టిక్ స్టూలు పెట్టారు. రాత్రి పూట బాబుకి ఒళ్లంతా ఎర్రగా దద్దుర్లు లేస్తే, ఇసుకలో ఉండే సన్న పురుగులవి, శాండ్ ఫ్లైస్ అంటారు, కుట్టినప్పుడు తెలీదు తర్వాత చూపిస్తాయి, గార్డెన్‌లో పనిచేసే పెద్దాయన కొబ్బరినూనె సీసా తెచ్చి ఇచ్చాడు, బీచ్‌కెళ్లే ముందే కాళ్లకి పట్టించమని. ఆ తర్వాత కుట్టడం తగ్గింది. దోమల క్రీములు నాలుగు రకాలు మోసుకెళ్లాను, ఒక్కటీ పనికిరాలేదు.

తిండి. పొద్దున్న టిఫిన్ రూములో కలిసే ఉంది. ఇడ్లీ ఉంటుంది, కానీ ఆ ఇడ్లీని అత్తయ్య చేత్తో ఒకసారి నొక్కి చూసి పక్కన పెట్టేసింది, సాంబారు తియ్యగా. పూరీ, ఆలూ కూర, బొప్పాయి ముక్కలు, ఆమ్లెట్ బాగుంటాయి. మధ్యాహ్నం రాత్రి రిసార్ట్‌లో తింటే ఐదుగురికి పూటకి మూడు వేలు ఈజీగా అవుతుంది, అందులో పనీర్ బటర్ మసాలా వైజాగ్‌లో ఎలా ఉంటుందో అక్కడా అలాగే ఉంటుంది. రెండో రోజు నుంచి మేం మానేశాం. ఆటో ఎక్కి గోవింద్‌నగర్ బజారుకి వెళ్తే చిన్న చిన్న బెంగాలీ భోజనం హోటళ్లున్నాయి. హేవ్‌లాక్‌లో ఊళ్లలో ఉండేదంతా దాదాపు బెంగాలీలే, దేశ విభజన తర్వాత తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన కుటుంబాలకి ఇక్కడ భూములిచ్చి స్థిరపరిచారు, అందుకే ఊళ్ల పేర్లు చాలావరకు గోవింద్‌నగర్, రాధానగర్, కృష్ణానగర్, శ్యామ్‌నగర్ అని కృష్ణుడి చుట్టూనే తిరుగుతుంటాయి. ప్లేటులో గుట్టలాగ అన్నం, పప్పు, గుండ్రంగా కోసి వేయించిన వంకాయ ముక్క, ఆకుకూర, చేపల పులుసు. ఆ పులుసు పసుపుపచ్చగా ఉంది, చింతపండు లేదు. అత్తయ్య ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకుని ఆగింది. నాకు భయమేసింది. "చేపల్లో ఆవ పెట్టేరే!" అంది. మనం పనసపొట్టుకీ కంద బచ్చలికీ పెట్టే ఆవే, వీళ్లు చేపకి పెట్టారు. ఇంకో ముక్క అడిగి వేయించుకుంది. తర్వాత రెండు రోజులూ మధ్యాహ్నం అవగానే ఆవిడే ముందు చెప్పులేసుకునేది. ఐదుగురికి ఎనిమిది వందలు దాటలేదు ఏ పూటా. మేం మోసుకెళ్లిన ఆవకాయ సీసా మూత తీయకుండానే వెనక్కొచ్చింది.

26న సాయంత్రం చల్లగా కూర్చుందామనుకున్న మావారికి అది డ్రై డే అని అక్కడికెళ్లాకే గుర్తొచ్చింది. దాని గురించి ఇంతకంటే రాస్తే ఇంట్లో గొడవ.

ఈత కోసమే వెళ్లేవాళ్లకి నేను చెప్పేది రాధానగర్ బీచ్. పడమటి ఒడ్డు, మా రిసార్ట్ నుంచి ఆటోలో అరగంట, పోనూ రానూ వెయిటింగ్‌తో వెయ్యి. 2004లో టైమ్ మ్యాగజైన్ ఆసియాలోనే మంచి బీచ్ అని రాసిందని ఆటో అబ్బాయి దగ్గర్నుంచి టీ కొట్టు దాకా అందరూ చెప్తారు, ఇరవై ఏళ్లయినా ఇంకా చెప్తూనే ఉన్నారు, 2020లో శుభ్రమైన బీచ్‌లకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు కూడా వచ్చింది, బట్టలు మార్చుకునే గదులూ అవీ ఉన్నాయి. అయితే ఒక్క మాట, చెప్పింది నిజమే. వెనక ఎత్తైన అడవి, ముందు రెండు కిలోమీటర్ల ఇసుక, రాళ్లు లేవు, నీళ్లు పోయినా ఈతకి మిగిలే ఉంటాయి. కెరటం వచ్చి మెల్లగా లేపి దించుతుంది తప్ప కింద నుంచి కాళ్లు లాగెయ్యదు. మా పాప అరగంటలో వెల్లకిలా తేలడం నేర్చేసుకుంది. నేను ముప్ఫై ఎనిమిదేళ్లకి మొదటిసారి సముద్రంలో గొంతు దాకా నిలబడ్డాను, వెనక నుంచి ఎవరూ కేకెయ్యలేదు. పక్కనే నీల్స్ కోవ్ అని చూడ్డానికి ఇంకా అందంగా ఉండే మూల ఉంది, అటు మాత్రం దిగకండి, 2010లో అక్కడ ఒక విదేశీ టూరిస్టుని మొసలి లాక్కెళ్లింది, బోర్డులు కూడా పెట్టారు. సూర్యాస్తమయం చూడాలంటే నాలుగింటికల్లా అక్కడుండాలి, జనవరిలో ఐదుంపావుకే సూర్యుడు దిగిపోతాడు. మన టైమే గానీ మనకంటే చాలా తూర్పున కదా. మొదటి రోజు మేం అలవాటు ప్రకారం ఐదున్నరకి బయల్దేరదామని కూర్చున్నాం, టీ తాగేలోపు చీకటి.

ఎలిఫెంట్ బీచ్ గురించి పెద్దగా చెప్పను, జనం, జెట్ స్కీ చప్పుడు, స్నార్కెలింగ్ చేయించే కుర్రాడు రబ్బరు ట్యూబు పట్టుకుని గుంపులో లాక్కెళ్తాడు, చేపలు మాత్రం బాగా కనిపిస్తాయి. స్కూబా మావారూ పాపా చేశారు, ఈత రాకపోయినా పర్లేదు, పదేళ్లు నిండాలి, ఆరోగ్యం ఫారం నింపాలి. ఆ డైవ్ షాపులో నాకు నచ్చింది ఏంటంటే డబ్బులు తీసుకునే ముందే "మీ ఫ్లైట్ ఎప్పుడు" అని అడిగారు. డైవ్ చేశాక కనీసం 12 నుంచి 18 గంటలు విమానం ఎక్కకూడదు. చివరి రోజుకి పెట్టుకోకండి. బయటికొచ్చాక పాప మాస్కు గుర్తు మొహం మీద గుండ్రంగా అచ్చుపడి ఉంది, గంటసేపు నీళ్ల కింద ఏం చూసిందో చెప్తూనే ఉంది, మావారిని అడిగితే "చేపలు" అన్నారు.

రిసార్ట్‌ని ఇంత తిట్టాను కదా, రెండు విషయాలు దానికే ఇవ్వాలి. పౌర్ణమి రోజు సాయంత్రం, నీళ్లు లేవు, మేం మొహాలు వేలాడేసుకుని కుర్చీల్లో కూర్చున్నాం, తూర్పు ఒడ్డు కదా, ఎదురుగా ఆ ఖాళీ రాళ్ల మీదుగా చంద్రుడు పైకొచ్చాడు, ముందు రాగిరంగులో. రాళ్ల మధ్య గుంటల్లో నిలిచిన నీళ్లున్నాయి చూడండి, ఒక్కో గుంటలో ఒక్కో చంద్రుడు. బాబు లెక్కపెట్టడం మొదలెట్టి నలభై దగ్గర తప్పిపోయాడు.

రెండోది, చివరి రెండు రోజులూ నీళ్లు వెనక్కెళ్లే టైము తెల్లవారుజాముకి జరిగింది. అత్తయ్య ఎలాగూ నాలుగున్నరకే లేస్తుంది, బాబుని లేపి చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని ఆ రాళ్లలోకి తీసుకెళ్లింది. నేను వెళ్లేసరికి ఇద్దరూ గొంతుక్కూర్చుని ఒక గుంటలోకి చూస్తున్నారు. నల్లగా, జానెడు పొడవు, కీరదోసకాయ లాంటిది, కదలదు. సీ కుకుంబర్ అని పాప చెప్పింది. అత్తయ్య దాన్ని ముట్టుకోకుండా పుల్లతో పక్కన ఇసుక కదిపితే అది నెమ్మదిగా ఒళ్లు ముడుచుకుంది. చుట్టూ శంఖాల్లో కాపురముండే బుల్లి పీతలు, మనం కదిలితే టక్కున ఆగిపోతాయి, ఆగితే నడుస్తాయి. గంటన్నర అలాగే ఉన్నారు. టిఫిన్ టైము అయిందని పిలిస్తే "ఆ ఇడ్లీకి అంత తొందరేటమ్మా" అంది ఆవిడ.

నా రేటింగ్ 5కి 3. స్టాఫ్‌కి 5, రూముకి 4, రిసార్ట్ తిండికి 2, ఫొటోకి సున్నా. మళ్లీ వెళ్తే తూర్పు వైపు ఇంతకంటే చవక రూము తీసుకుని ఆ మిగిలిన డబ్బుతో రోజూ ఆటో పెట్టుకుని రాధానగర్ వెళ్తాం, లేదంటే రాధానగర్ వైపే ఏదైనా చూసుకుంటాం, అటు రిసార్టులు తక్కువ, ఖరీదెక్కువ. పెద్దవాళ్లతో వెళ్తే ఫెర్రీ జెట్టీ దగ్గర నడక ఉంటుంది, లగేజీ తగ్గించుకోండి.

అన్నట్టు తిరుగు ప్రయాణంలో ఎయిర్‌పోర్ట్ స్కానర్ దగ్గర మా సంచి ఆపారు. పగడం ముక్కలు తీసుకెళ్లకూడదు, చచ్చినవైనా సరే, నేరం, ఇది పిల్లలకి ముందే పదిసార్లు చెప్పాను, జేబులు కూడా వెతికాను. సంచి విప్పితే బాబు ఉతకని సాక్సులో తెల్లటి పగడం ముక్క ఒకటి, చిటికెన వేలంత. వాడు ఏడుపు మొహం పెట్టి నా వైపు చూడలేదు, వాళ్ల నానమ్మ వైపు చూశాడు. ఆవిడ మాత్రం తలెత్తి ఫ్లైట్ బోర్డు చదువుతోంది, అదీ హిందీలో ఉన్న లైను. ఆవిడకి హిందీ రాదు.